పెద్ద బోరు మీద మూడు పేర్లు

ఇది 2021 ఎండాకాలం నాటి మాట. మొయినాబాద్ చౌరస్తా దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే ప్లాట్లు అమ్మే రెండు ఆఫీసుల మధ్య ఇరుకుగా ఒక షట్టరు కనబడుతుంది. అది నా దుకాణం. బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తాను, కొన్ని నేనే తయారుచేసి అమ్ముతాను. మా నాన్నకు చేవెళ్లలో కిరాణా కొట్టు ఉండేది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే, "ఉప్పు పప్పు అమ్ముకుంటే షాకన్న కొట్టదు గదరా" అని ఆయన చాలాకాలం సణిగాడు. చుట్టుపక్కల రైతులకు మాత్రం దుకాణపాయన కొడుకు తరాజు పట్టినా టెస్టర్ పట్టినా సేటే.

నా దగ్గర ఎక్కువగా పోయే సరుకు మొబైల్ స్టార్టర్. మోటారు పెట్టె పక్కన ఇంకో చిన్న పెట్టె బిగిస్తాం. అందులో ఒక సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంటి దగ్గర మంచం మీద కూర్చుని ఆ సిమ్‌కు ఆన్ అని మెసేజ్ పెడితే పొలంలో మోటారు నడుస్తుంది, ఆఫ్ అంటే ఆగుతుంది. పని జరిగాక పెట్టె తిరిగి మెసేజ్ పంపుతుంది: ఏ బోరు, ఎవరెవరిది, మోటారు నడుస్తోందా లేదా. బోరు అన్నదమ్ముల ఉమ్మడి అయితే వంతు ఉన్న ప్రతివాళ్ల పేరూ ఆ మెసేజ్‌లో రావాలని మా దగ్గర రైతులు పట్టుబడతారు. మెసేజ్‌లో పేరు ఉంటే నీళ్లలో వంతు ఉన్నట్టు. పేరు లేకపోతే రేపు ఎవడైనా వంతు లేదనవచ్చు. నేను పెట్టని ఆచారం ఇది, కానీ దీనికి తగ్గట్టే పెట్టె చేయాల్సి వచ్చింది.

పెట్టెలో మెదడు లాంటిది ఒక మైక్రోకంట్రోలర్ చిప్పు. పాతకాలపు 8051 జాతిది. చవక, మొండి, ఎండకు చావదు. దానికి ప్రోగ్రామ్ రాసింది నా పాలిటెక్నిక్ దోస్తు ప్రసాదు. అసెంబ్లీలో రాశాడు. అసెంబ్లీ అంటే చిప్పుకు దాని సొంత భాషలో, ఒక్కొక్క చేతిపనీ విడివిడిగా చెప్పడం. కొత్త భాషల్లో "అన్నం వండు" అంటే వండుతుంది. అసెంబ్లీలో గిన్నె తీయమనాలి, నీళ్లు పోయమనాలి, పొయ్యి మీద పెట్టమనాలి, దించమని కూడా మనమే చెప్పాలి. చెప్పకపోతే మాడేదాకా చూస్తూ కూర్చుంటుంది. ప్రోగ్రామ్ రాసి ఇచ్చిన మూడో ఏడు ప్రసాదు ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. మా మొయినాబాద్‌లో చదువు ఏదైనా చివరికి తేలేది ఆ ఒడ్డుకే.

ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగింది. చేవెళ్ల అవతల ఆలూరు నుంచి ముగ్గురు దిగారు. పెద్దాయన మల్లారెడ్డి, ఊళ్లో ఒకప్పుడు వార్డు మెంబరుగా చేసిన మనిషి, తెల్ల చొక్కా నలగకుండా దిగాడు. ఆయన చిన్న తమ్ముడు జంగారెడ్డి గోనెసంచిలో నేను అమ్మిన పెట్టె పట్టుకుని ఉన్నాడు. వెనక అనసూయమ్మ. వాళ్లిద్దరి మధ్యవాడు, నడిపి యాదగిరి, ఈ పెట్టె కొనకముందే జబ్బుచేసి పోయాడు, ఆయన భార్య ఈమె. ఆమె లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

జంగారెడ్డి సంచి బల్ల మీద పెట్టి నీళ్లు అడిగాడు.

"సేటూ, జర అయితే పోతుంటి," అన్నాడు.

"ఏమైంది?"

"పొద్దుగాల ఆన్ అని మెసేజ్ కొట్టిన. మోటర్ ఆఫ్ అని వచ్చింది. మళ్ల కొట్టిన, మళ్ల ఆఫ్ అన్నది. కరెంటు జూస్తే మంచిగున్నది. ఇగ బోరు కాడ కేబుల్ జాయింటు పోయిందనుకున్న. పోయి టేపు ఇప్పిన. వైరు పట్టబోతున్న, వదినె తోటలకెళ్లి ఒర్రింది."

నేను అనసూయమ్మ వైపు చూశాను. ఆమె మెల్లగా చెప్పింది. "గులాబి చెట్లల్ల గడ్డి తీస్తున్న. డ్రిప్పు పైపుల కెళ్లి నీళ్లు కారుతున్నయి. మోటర్ నడవకుంటే నీళ్లెట్ల వస్తయి? అందుకే ముట్టకు తమ్మీ అని ఒర్రిన."

బోరు మోటారు భూమి లోపల ఎక్కడో ఉంటుంది, పైకి చప్పుడు వినబడదు. నడుస్తోందో లేదో చెప్పాల్సింది నా పెట్టె. అది ఆఫ్ అని చెప్పింది. ఆ మాట నమ్మి ఒక మనిషి కరెంటు తీగ మీద చెయ్యి వేయబోయాడు. డ్రిప్పు నీళ్లు ఆమె కంట పడకపోతే వాళ్లు నా దుకాణానికి కాదు, దవాఖానకు పోయేవాళ్లు. అంతకుముందు పెట్టె చెడిపోతే రిపేరు అనుకునేవాణ్ని. ఆ రోజు మొదటిసారి భయపడ్డాను.

"ఎన్నడన్న గిట్ల చేసిందా?" అని అడిగాను.

మల్లారెడ్డి గొంతు సవరించుకున్నాడు. "మూడేండ్ల సంది ఒక్కనాడు తప్పు చెప్పలే. నిన్న ఈమె పేరు ఎక్కిచ్చినం. ఇయ్యాల గిట్లాయె. నేను ఆడనే అన్న, అచ్చిరాని పేరు ఎక్కియ్యొద్దని. పెద్దమనుషులు ఇంటేగా."

విషయం ఏమిటంటే, యాదగిరి పోయాక ఆయన వంతు నీళ్లు అన్నదమ్ములిద్దరే పారించుకుంటున్నారు. ఈ ఏడు అనసూయమ్మ తన ముక్కలో గులాబీ వేసి, నా వంతు నాకు కావాలంది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఆమె మాటే న్యాయమన్నారు. పేరు ఎక్కించడానికి ఏ మెసేజ్ పెట్టాలో ముందు రోజు జంగారెడ్డికి ఫోన్‌లో చెప్పింది నేనే.

"మొదాలు డబ్బ జూస్త. పేర్లతోని పెట్టె పాడుగాదన్నా," అన్నాను. ఆ మాట అంత ధైర్యంగా ఎందుకన్నానా అని ఆ తర్వాత గంటసేపు బాధపడ్డాను.

మా దుకాణంలో మోటారు ఉండదు కాబట్టి బదులుగా ఒక బల్బు పెడతాం. బల్బు వెలిగితే మోటారు నడిచినట్టు. జంగారెడ్డి ఫోన్ నుంచి ఆన్ అని పంపాను. బల్బు వెలిగింది. ఫోన్ మోగింది. మోటర్ ఆఫ్. వెలుగుతున్న బల్బు ముందు ఆ మాట చదువుతుంటే పెట్టె నా మొహం మీదే అబద్ధం చెబుతున్నట్టనిపించింది. రిలే పోయిందనుకున్నాను. రిలే అంటే చిప్పు చెప్పగానే కరెంటును కలిపే, విడదీసే చిన్న మీట. మార్చాను. అదే జవాబు. సిమ్ మార్చాను, పవర్ సప్లై మార్చాను. పుండొకచోట, మందొకచోట.

మల్లారెడ్డి కుర్చీలో వెనక్కి వాలి, "ఆ పేరు తీసి చూడరాదు సేటూ," అన్నాడు.

చూడక తప్పలేదు. అనసూయ పేరు తీసేశాను. ఆన్ అని పంపాను. బల్బు వెలిగింది. మోటర్ ఆన్ అని మెసేజ్ వచ్చింది. ఆఫ్ పంపితే ఆఫ్ అంది. నాలుగైదు సార్లు చేసినా పెట్టె సత్యహరిశ్చంద్రుడిలా నిజమే చెప్పింది. పేరు మళ్లీ ఎక్కిస్తే మళ్లీ అబద్ధం.

"నేనేమన్న?" అన్నాడు మల్లారెడ్డి. గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "నాకేం పగనా? పానం మీదికొచ్చిందని అంటున్న. పేరు లేకున్న నీళ్లు ఇయ్యమా ఏంది?"

అనసూయమ్మ గడప మీద కూర్చుంది. "తీసెయ్ సేటూ," అంది. "తమ్మికి ఏమన్న అయితే నేను ఏ నీళ్లు పారిచ్చుకోను?"

అంతటితో పని ముగించవచ్చు. పెట్టె బాగైపోయింది, పెద్దాయన సంతోషపడ్డాడు, ఆమె కూడా సరేనంది. కానీ గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నామని నాకు తెలుస్తూనే ఉంది. ఎత్తేది ఆమె మెడ మీద. ఈ ముగ్గురూ ఆటో ఎక్కితే, ఆమె పేరు తగలగానే మోటారు చెడిపోయిందన్న మాట చీకటి పడకముందే ఆలూరంతా తిరుగుతుంది. ఇంక ఏ పెద్దమనిషీ ఆమె తరఫున కూర్చోడు. పైగా ఎందుకు తప్పిందో తెలియకుండా బాగైన యంత్రం బాగైనట్టు కాదు.

"అన్నా, నీ పేరు తీసి చూస్త, ఏమనుకోవద్దు," అన్నాను.

మల్లారెడ్డి కనుబొమలు ఎత్తాడు. జంగారెడ్డికి పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వొచ్చింది. మల్లారెడ్డి పేరు తీసి అనసూయ పేరు ఉంచాను. ఆన్ పంపాను. మోటర్ ఆన్. పెట్టె నిజం చెప్పింది.

"అంటే నా పేరు అచ్చిరాదా?" అన్నాడాయన.

"ఎవ్వరి పేరూ కాదు. ఇంకొకటి చూస్త." మల్లారెడ్డి పేరు మళ్లీ పెట్టాను. అనసూయ ఉన్నచోట ఇంకేదైనా పేరు పెట్టి చూడాలి. నోటికి వచ్చిన పేరు యాదగిరి. ఇంగ్లీషులో Anasooya అని రాసినా Yadagiri అని రాసినా ఎనిమిదే అక్షరాలు, పొడవు సమానం. పెట్టి ఆన్ పంపాను. బల్బు వెలిగింది. ఫోన్ మోగింది.

పెద్ద బోర్ మల్లారెడ్డి జంగారెడ్డి యాదగిరి, మోటర్ ఆఫ్.

జంగారెడ్డి గట్టిగా చదివాడు. మల్లారెడ్డి ఫోన్ తన చేతిలోకి తీసుకుని చాలాసేపు ఆ మెసేజ్ చూశాడు. పోయిన తమ్ముడి పేరు మళ్లీ బోరు మీద ఎక్కినట్టు కనబడింది కాబోలు.

"వాని పేరుకు గూడ గట్లనే అంటున్నది," అన్నాడు మెల్లగా. ఫోన్ బల్ల మీద పెట్టి, "అయితే పేరుల ఏం లేదు. నువ్వే చూడు సేటూ," అన్నాడు.

అప్పుడు నా గుండె కొంచెం కుదుటపడింది. రోగం తెలియలేదు కానీ నింద మాత్రం సరైన దారిలో పడింది. పెట్టె నా దగ్గర ఉంచుకుని, అంతవరకు మోటారు చేత్తోనే నడుపుకోమని చెప్పి పంపాను. పోతూ పోతూ అనసూయమ్మ గడప దగ్గర ఆగి, "దొరుకుతదా?" అని అడిగింది. దొరుకుతది అన్నాను. ఈసారి మాట జారలేదు, నమ్మే అన్నాను.

ప్రసాదుకు ఫోన్ చేశాను. "అరే, అది ఎన్నడో రాసిందిరా. శంకర్‌పల్లి రోడ్డుకు మంచి వెంచరున్నది, వస్తవా?" అన్నాడు. వెంచరు సంగతి తర్వాత, ముందు ప్రోగ్రామ్ పంపమన్నాను. మంచివాడే, సాయంత్రానికి పాత కంప్యూటర్ వెతికి పంపాడు. ఏ వరుస ఎందుకు రాశాడో ఒక్క మాట వివరణ లేదు. పెళ్లిలో వంటవాడి మసాలా డబ్బాల్లాగ, ఏది ఏమిటో రుచి చూస్తే తప్ప తెలియదు.

మరునాడు షట్టరు సగం దించి కూర్చున్నాను. పేర్లన్నీ పెట్టెలో విడివిడిగా దాచి ఉంటాయి. మెసేజ్ పంపే ముందు వాటిని ఒకదాని చివర ఒకటి అతికించాలి. అక్షరాల వరుసను మా పనిలో స్ట్రింగ్ అంటారు, అతికించడాన్ని కాన్‌క్యాటినేషన్ అంటారు. చేవెళ్లలో పూలు కట్టేవాళ్లు ఒక మూరకు ఇంకో మూర ముడివేసినట్టు. చిప్పు చేసే పని ఇది: ఒక అక్షరం తీసుకుంటుంది, ఒక గడిలో పెడుతుంది, ఒక అడుగు ముందుకు జరుగుతుంది. పేరు చివర సున్నా కనబడితే ఆ పేరు అయిపోయినట్టు. ఖాళీ ఒకటి వదిలి తర్వాతి పేరు మొదలుపెడుతుంది. అన్ని పేర్లూ అయ్యాక తానూ చివర ఒక సున్నా పెడుతుంది. ఆ సున్నాయే హద్దురాయి, దాని ముందు వరకు పేరు అని గుర్తు.

ఈ పేర్లు పేర్చే చోటును బఫర్ అంటారు. ప్రసాదు దానికి నలభై అక్షరాల చోటు ఇచ్చాడు. అప్పట్లో ఎవరికైనా ఎక్కువే అనిపిస్తుంది. పెద్ద బోర్, మల్లారెడ్డి, జంగారెడ్డి, అనసూయ, మధ్య ఖాళీలు. ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాసి పెన్సిల్‌తో లెక్కపెట్టాను. సరిగ్గా నలభై. ఇంకోసారి లెక్కపెట్టాను. నలభై. పేర్లు గదిలో అంచుదాకా పట్టాయి, కానీ హద్దురాయికి చోటు మిగల్లేదు. చోటు ఉందో లేదో చూడమని ప్రోగ్రామ్‌లో ఎక్కడా లేదు. చిప్పు చెప్పింది చేసింది, రాయిని తీసుకెళ్లి పక్క గదిలో పాతింది.

పక్క గదిలో ఏముంది? మోటారు నడుస్తోందా లేదా అన్న గుర్తు. ఒకటి ఉంటే ఆన్, సున్నా ఉంటే ఆఫ్. మోటారు నడుస్తూనే ఉంది, కానీ మెసేజ్ కూర్చేటప్పుడు ఆ ఒకటి మీద సున్నా వచ్చి పడింది. తర్వాతి వరుస ఆ గుర్తు చూసి ఆఫ్ అని పంపింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు రోజంతా తవ్వితే దొరికింది ఒక్క సున్నా. మనిషి ప్రాణం తీయడానికి అది సరిపోయేది.

కుర్చీలోంచి లేచి షట్టరు పూర్తిగా ఎత్తాను. ఎదురుగా టీ కొట్టు దగ్గరికి వెళ్లి చక్కెర ఎక్కువ వేయించుకుని ఒక టీ తాగాను. కారణం ఉన్న తప్పంటే నాకు భయం లేదు. కారణం లేకుండా వచ్చేదే నిద్రపోనివ్వదు.

ఇక కొత్త రొటీన్ రాయాలి. రొటీన్ అంటే ప్రోగ్రామ్‌లో ఒక పని పూర్తిగా చేసే ముక్క. పాలిటెక్నిక్ తర్వాత అసెంబ్లీ ముట్టుకోలేదు. మొదట చెయ్యి తడబడింది, తర్వాత ఈత లాగా ఒంటికి గుర్తొచ్చింది. ఒక రిజిస్టర్‌లో, అంటే చిప్పు చేతిలో ఉండే చిన్న గిన్నెలో, ఇంకెంత చోటు ఉందో లెక్క పెట్టాను. ఒక్కో అక్షరం పెట్టే ముందు ఆ లెక్క చూడాలి, పెట్టగానే ఒకటి తగ్గించాలి. చివరి గడి ఎప్పుడూ హద్దురాయికే, ఏ అక్షరానికీ ఇవ్వకూడదు. రాసి, చిప్పులో ఎక్కించి, బల్బు పెట్టి చూశాను. మోటర్ ఆన్. నిజమే చెప్పింది.

కానీ మెసేజ్ చూస్తే పేర్ల చివర ఒక అక్షరం తెగిపోయి ఉంది. అనసూయ కాస్తా అనసూయ్ అయింది. నియమం సరిగ్గానే పనిచేసింది: చోటు చాలకపోతే చివరనున్నది కోసేయ్. చివరన ఉన్నది ఎప్పుడూ ఎవరు? అందరికన్నా ఆఖరున చేరినవాళ్లు. ఒక్క అక్షరమే కదా అని నాకూ ఒక నిమిషం అనిపించింది. రేపు ఇంకొకరు బోరు పేరు పొడుగ్గా మారిస్తే ఆమె పేరు సగం పోతుంది, తర్వాత పూర్తిగా పోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. కరెంటు నుంచి జంగారెడ్డిని కాపాడి, ఆమెను నేనే మెల్లమెల్లగా బోరు మీద నుంచి దించేసినట్టవుతుంది.

చిప్పు పుస్తకం మళ్లీ తిరగేశాను. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. మేం వాడే రకం చిప్పులో జ్ఞాపకం, అంటే మెమరీ, రెండు అంతస్తులు. ప్రసాదు కింది అంతస్తులోనే అన్నీ ఇరికించాడు. పైఅంతస్తు మొత్తం ఖాళీ. దాన్ని ముట్టుకునే పద్ధతి కాస్త వేరు, కానీ అక్షరాలు పేర్చే వరుసలు అనుకోకుండా ఆ పద్ధతిలోనే ఉన్నాయి. బఫర్‌ను పైకి మార్చాను, రెండింతల చోటు ఇచ్చాను. అక్కడ కూడా నిండితే కోయకుండా, పేరు ఎక్కించేటప్పుడే చోటు చాలదని మెసేజ్ పంపేలా చేశాను. చెప్పకుండా కోయడం కన్నా చెప్పి ఆపడం నయం. ఇంకో మార్పు, మోటారు నడుస్తోందా అన్నది జ్ఞాపకంలో గుర్తును అడగకుండా, తీగలో కరెంటు పారుతోందా అని సెన్సర్‌ను అడిగి చెప్పేలా రాశాను. ఆ సెన్సర్ పెట్టెలో మొదటినుంచీ ఉంది, ఎక్కువ కరెంటు లాగితే మోటారు ఆపడానికి మాత్రమే వాడుతున్నాం.

తర్వాత పని మిగతా పెట్టెలు. ఎవరి పేర్లు ఎంత పొడుగో నాకు తెలియదు. కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి, మెసేజ్ నమ్మి తీగ ముట్టొద్దని ముందు చెప్పాను. తర్వాత బండి మీద చిల్కూరు, మా పక్క ఊరు హిమాయత్‌నగర్, చేవెళ్ల చుట్టూ తిరిగి ఒక్కో పెట్టెలో చిప్పు మార్చుకుంటూ వచ్చాను. చిల్కూరులో ఒకాయన, "బాగున్నదాన్ని ఎందుకు ఇప్పుతవ్ సేటూ?" అని దెబ్బలాడి, మార్చాక మజ్జిగ ఇచ్చాడు. ఇంకెవరికీ ఆ తప్పు తగల్లేదు. ప్రతి పెట్టె మూత బిగిస్తుంటే ఒంటి మీద నుంచి ఒక్కో ఇటుక దించినట్టుండేది.

ఆలూరు పెట్టె బిగించడానికి పొద్దున్నే వెళ్లాను. ముగ్గురూ బోరు దగ్గరే ఉన్నారు. గులాబీలు కోసి గంపల్లో పెట్టారు, చేవెళ్ల బండి కోసం చూస్తున్నారు. ఏం జరిగిందో చెప్పమన్నాడు మల్లారెడ్డి. బఫర్, రిజిస్టర్ అనకుండా గదులు, హద్దురాయి అని చెప్పాను.

విని తల ఊపాడు. "అంటే హద్దురాయి తీస్కపోయి పక్కోని చెల్కల పాతిండ్రు. గిసొంటి పంచాయితీలు నేను మస్తు చేసిన."

"నీ పంచాయితీలల్ల ఎవడు సచ్చేటట్టు గాలేదు గదా," అన్నాడు జంగారెడ్డి.

ఆన్ పంపాను. కాసేపటికి డ్రిప్పు పైపులు చెమర్చాయి. ఈసారి ముగ్గురి నంబర్లూ పెట్టెలో ఎక్కించాను కాబట్టి, ఒకదాని వెనక ఒకటి మూడు ఫోన్లు మోగాయి. అనసూయమ్మ తన ఫోన్ నా ముందు పెట్టింది. ఇంగ్లీషు ఆమెకు రాదు. "ఆఖర్ల ఉన్నది నాదేనా?" అంది. అవునన్నాను. అక్షరాల మీద వేలు మెల్లగా జరుపుకుంటూ పోయి చివర ఆపింది. అన్నీ ఉన్నాయా అని అడగలేదు, కానీ నేనే ఒక్క అక్షరం పోలేదని చెప్పాను.

మల్లారెడ్డి తన ఫోన్ కళ్లకు దూరంగా పట్టుకుని చదివాడు. "సేటూ, పేర్ల వరుస మార్చొచ్చా?"

"మార్చొచ్చు. ఎందుకన్నా?"

"యాదగిరి నడిపోడు. వాని జాగ నడుమ. ఆమెను ఆఖర్ల ఎందుకు పెట్టిండ్రు? నడుమ పెట్టు."

అనసూయమ్మ కొంగు సర్దుకుని గంప వైపు తిరిగింది. వరుస మార్చి ఎక్కించాను. జంగారెడ్డి మెసేజ్ చూసుకుని, "గిప్పుడు ఆఖర్ల నేను పడ్డ. నన్ను కోస్తదా ఏంది?" అన్నాడు. కొయ్యదు, చోటు ఉందన్నాను.

ఇన్నేళ్ల పనిలో ఆ పెట్టె నేర్పింది ఇదే. ఏదైనా చెడిపోతే మన కళ్లు ముందు ఆఖరున వచ్చినవాళ్ల మీద పడతాయి. వాళ్లు వచ్చాకే చెడింది కాబట్టి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. తప్పు ఎప్పుడో, చోటు కొలవకుండా గది కట్టినప్పుడే జరిగి ఉంటుంది. వాళ్లు వచ్చి నిలబడితే అది బయటపడుతుంది, అంతే. ఇప్పుడు ఏ రిపేరు వచ్చినా, "నిన్న ఏం కొత్తగా పెట్టారు" అని అడిగాక, "మొదట్లో ఎంత చోటు ఉంచారు" అని కూడా అడుగుతాను.

వచ్చేసే ముందు ఒక పని మిగిలింది. ఆ రోజు విప్పిన కేబుల్ జాయింటుకు జంగారెడ్డి అప్పటికి ఏదో తాత్కాలికంగా చుట్టాడు, మళ్లీ గట్టిగా టేపు వేయాలి. ఆఫ్ పంపాను. మూడు ఫోన్లలోనూ మోటర్ ఆఫ్ అని వచ్చింది. ఈసారి నిజమే. అయినా జంగారెడ్డి బోరు దగ్గర కూర్చుని, తీగకు జానెడు దూరంలో చెయ్యి ఆపి, స్టార్టర్ డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు. అనసూయమ్మ డబ్బా దగ్గరికి నడిచింది. మెయిన్ స్విచ్చు కిందికి గుంజి, మూడు ఫ్యూజులూ ఊడబీకి, కొంగులో వేసి ముడివేసుకుని వచ్చి అతని పక్కన నిలబడింది.

"నా కొంగుల ఉన్నయి తమ్మీ," అంది. "ఇగ ముట్టుకో."